నలభై, నలభై, నలభై

ఐసీయూ చార్టులో నాకు అన్నిటికంటే భయం వేసే అంకె 40. బీపీ కాలమ్‌లో కాదు, మూత్రం కాలమ్‌లో. రాత్రి 12కి 40, ఒంటిగంటకి 40, రెండింటికి 40, మూడింటికి 40. అలా తెల్లారి ఆరు దాకా. చూడ్డానికి ఎంత కుదురుగా ఉంటుందో! 70 కిలోల మనిషికి గంటకు 35 మి.లీ. వస్తే చాలనుకుంటాం కాబట్టి 40 చూసి ఏ డాక్టరూ కంగారు పడడు. కానీ జబ్బు పడ్డ మనిషి కిడ్నీ ఏడు గంటలపాటు కొలిచి పోసినట్టు ఒకే లెక్క ఇస్తుందా? ఇవ్వదు. ఆ అంకెలు కిడ్నీవి కావు. నర్సు డ్యూటీ దిగే ముందు మూత్రం సంచి ఒకేసారి ఖాళీ చేసి, వచ్చినదాన్ని గంటలతో భాగించి, ఒకే పెన్నుతో ఒకే వాలుగా రాసినవి.

ఇది నాకు తెలిసొచ్చిన రాత్రి డ్యూటీ డాక్టర్ని నేనే. ఆ చార్టు కింద సంతకం కూడా నాదే.

పేగుకు చిల్లు పడి, కడుపంతా చీము పట్టి, ఆపరేషన్ అయి వచ్చిన పేషెంటు. యాభై దాటిన మనిషి, 70 కిలోల బరువు. సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాల్ని దెబ్బతీసే స్థితి. బీపీ నిలబెట్టడానికి నారడ్రినలిన్ నడుస్తోంది. థియేటర్లోనూ బయటా కలిపి ఎక్కించిన వాటిలో పోయింది పోగా ఏడు లీటర్లు ఒంట్లోనే నిలిచాయి. సాయంత్రం క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టాల్సిన వ్యర్థం, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది) 1.3. పొద్దున 1.2. రిపోర్టు మీద చుక్క గుర్తు కూడా లేదు, నార్మల్ రేంజిలోనే ఉంది. బయట కూర్చున్న ఆయన కొడుకుతో "క్రియాటినిన్ తగ్గు ముఖం పట్టిందండీ, కిడ్నీ బానే ఉంది" అని చెప్పి ఇంటికెళ్ళి పడుకున్నాను. ఆ సాయంత్రం 1.7. మర్నాడు పొద్దున 2.6, పొటాషియం ప్రమాదకరంగా 6.3. డయాలిసిస్ కాగితం మీద సంతకం పెడుతూ ఆ అబ్బాయి అడిగాడు: "నిన్న బానే ఉందన్నారు కదా డాక్టర్ గారూ?"

తర్వాత నైట్ డ్యూటీ సిస్టర్‌ని అడిగితే దాచకుండా చెప్పింది. సంచిలో మొత్తం 280 ఉంది, అందులో ముప్పాతిక వంతు మొదటి రెండు గంటల్లో వచ్చిందే, రెండు దాటాక అది పెద్దగా కదల్లేదు. ఆ రాత్రి ఆమె మీద ముగ్గురు పేషెంట్లున్నారు, ముగ్గురూ వెంటిలేటర్ మీదే. అందులో ఒకరి గుండె ఆగితే మేమిద్దరం కలిసే నలభై నిమిషాలు సీపీఆర్ చేశాం. ఆమెని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. బీపీ చూడ్డానికి ఆమెకి మానిటరుంది, అది తగ్గితే అరుస్తుంది. ఆక్సిజన్ తగ్గితే అరుస్తుంది. మూత్రం ఆగితే అరిచేది ఏదీ లేదు.

అప్పట్నుంచి నా వాదన ఒకటే, ఎక్కడ మాట్లాడమన్నా ఇదే మాట్లాడతాను. ఐసీయూలో కిడ్నీని మనం తప్పు చోట చూస్తున్నాం. పొద్దున్నే ల్యాబ్ నుంచి వచ్చే క్రియాటినిన్ కోసం ఎదురుచూస్తాం, ఎర్రగీత గీస్తాం, గ్రాఫులు వేస్తాం. మంచం పక్కన సంచిలో గంట గంటకీ వస్తున్న వార్తని మాత్రం భాగహారం లెక్కకి వదిలేస్తాం.

క్రియాటినిన్ మీద నాకు పగ లేదు. బయట తిరిగే మనిషికి, నెలకో రెండు నెలలకో ఒకసారి చూసుకునే షుగర్ పేషెంటుకి, అది మంచి పరీక్షే. కండరాల్లో క్రియాటిన్ అనే పదార్థం రోజూ దాదాపు ఒకే మోతాదులో విరిగి క్రియాటినిన్ అవుతుంది, కిడ్నీ దాన్ని వడగట్టి పంపేస్తుంది. వచ్చేదీ పోయేదీ సమానంగా ఉన్నప్పుడు రక్తంలో నిలిచే మట్టాన్ని బట్టి కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పొచ్చు. మొత్తం కిటుకు ఆ "సమానంగా ఉన్నప్పుడు" అన్న దగ్గరే ఉంది. ఐసీయూలో ఏదీ సమానంగా ఉండదు.

కొత్తగా చేరిన జూనియర్లకి నేనొక ప్రశ్న వేస్తాను. ఒక మనిషికి రెండు కిడ్నీలూ ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేశారు. ఐదు నిమిషాల తర్వాత రక్తం పంపితే క్రియాటినిన్ ఎంతొస్తుంది? కాసేపు ఆలోచించి, ఇబ్బందిగా నవ్వి, "ఇందాక ఎంతుందో అంతే సార్" అంటారు. 0.9 ఉంటే 0.9. ల్యాబ్ కంప్యూటరు దాన్ని ఫార్ములాలో వేసి జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ నిమిషానికి వడగట్టే లెక్క, 90 దాటిందని అచ్చు వేసిస్తుంది. ఒంట్లో కిడ్నీయే లేదు! కిడ్నీ పూర్తిగా ఆగిపోయినా క్రియాటినిన్ పెరిగేది రోజుకు సుమారు ఒకటి, ఒకటిన్నర చొప్పునే. నీళ్ళు బయటికి పోయే కాలవ మూసేస్తే ట్యాంకు ఆ క్షణమే పొంగదు కదా, నిండడానికి దాని టైము దానికి కావాలి. పైగా వడపోత దాదాపు సగానికి పడిపోయేదాకా చాలామందిలో ఆ అంకె నార్మల్ గీత దాటదు. ఈ పొద్దున క్రియాటినిన్ నిన్నటి కిడ్నీ సంగతి చెబుతుంది. బండి లోయలో పడ్డాక చూసే మైలురాయి లాంటిది.

నా పేషెంటు విషయంలో అది ఆలస్యంగా రావడమే కాదు, అబద్ధం కూడా చెప్పింది. లెక్క చూడండి. 70 కిలోల మనిషి ఒంట్లో నీరు సుమారు 60 శాతం, అంటే 42 లీటర్లు. దాంట్లో మనం ఇంకో ఏడు లీటర్లు చేర్చాం, 49 అయింది. క్రియాటినిన్ ఆ నీళ్ళన్నిటిలో కలిసి పలచబడుతుంది. రిపోర్టులో ఉన్న 1.2ని 49తో హెచ్చించి 42తో భాగిస్తే 1.4. నేను "తగ్గుతోంది" అన్న అంకె నిజానికి పెరుగుతోంది. తగ్గించింది కిడ్నీ కాదు, సెలైన్. ఈ లెక్కకి ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు, అర నిమిషం పని. ఆ పొద్దున నేను చేయలేదు.

ఇంకొకటి కూడా చేయలేదు. ఆయన కొడుకు చంకలో ఒక ఫైలుంది. ఆరు నెలల కిందట ఏదో చెకప్ చేయించినప్పటి క్రియాటినిన్ అందులో ఉంది: 0.8. ఆ మనిషికి 1.2 అంటే ఒకటిన్నర రెట్లు. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల సంస్థ కేడిగో 2012లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం వారం లోపల క్రియాటినిన్ ఒకటిన్నర రెట్లయినా, 48 గంటల్లో 0.3 పెరిగినా, మూత్రం ఆరు గంటలపాటు కిలోకి గంటకు అర మి.లీ. కంటే తక్కువ వచ్చినా, ఆ మూడిట్లో ఏ ఒక్కటి జరిగినా, కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. అంటే నేను ఇంటికెళ్ళి పడుకున్న వేళకే ఆయనకి జబ్బు మొదలై ఉంది, చుక్క గుర్తు లేని రిపోర్టు సాక్షిగా. ల్యాబ్ రేంజి అందరి కోసం వేసిన గీత. ఎవరి కిడ్నీ ఎక్కడ నుంచి దిగిందో దానికేం తెలుసు? ఇప్పుడు అడ్మిషన్ దగ్గరే అడుగుతాను, పాత రిపోర్టులు ఏవైనా, ఎంత నలిగిపోయినవైనా తెచ్చిపెట్టమని.

క్రియాటినిన్‌కి ఇంకా చాలా బలహీనతలున్నాయి. అది పుట్టేది కండరంలో, ఐసీయూలో ముందు కరిగేది కండరం. 2013లో బ్రిటన్‌లో చేసిన ఒక పరిశోధనలో తొడ ముందు కండరం పది రోజుల్లో సగటున 18 శాతం దాకా సన్నబడిపోయింది. కండ తగ్గితే క్రియాటినిన్ పుట్టడమే తగ్గుతుంది. సెప్సిస్‌లో దాని ఉత్పత్తి ఇంకా పడిపోతుందని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. కొలిచే పద్ధతిలోనూ తిరకాసుంది. మాక్స్ యాఫే 1886లో పిక్రిక్ ఆమ్లంతో కలిపితే నారింజ రంగు వస్తుందని చెప్పాడు, ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో ఆ రంగునే కొలుస్తున్నారు. కామెర్ల పేషెంటులో బిలిరుబిన్ ఎక్కువుంటే ఆ పద్ధతిలో అంకె తగ్గి కనబడుతుంది. షుగర్ ముదిరి కీటోన్లు పేరుకుంటే పెరిగి కనబడుతుంది. ట్రైమెథోప్రిమ్ లాంటి మందు వాడితే కిడ్నీకి ఏం కాకపోయినా క్రియాటినిన్ కాస్త ఎక్కుతుంది, ఎందుకంటే కొంత క్రియాటినిన్‌ని కిడ్నీ గొట్టాలు విడిగా బయటికి తోస్తాయి, ఆ దారిని మందు మూసేస్తుంది.

ఇన్ని తెలిసీ ఐసీయూ రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్, అంటే ఫార్ములాతో అంచనా కట్టిన జీఎఫ్ఆర్, అచ్చు వేయడం నాకు అసలు మింగుడుపడదు. ఆ ఫార్ములాలన్నీ నిలకడగా ఉన్న మనుషుల మీద తయారైనవి. మందుల డోసు కోసం ఇప్పటికీ అందరం వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క 1976 నాటిది, 249 మంది మగవాళ్ళ మీద కట్టింది. వెంటిలేటర్ మీద, ఏడు లీటర్ల నీటితో ఉబ్బి, గంటకోలా మారుతున్న మనిషికి దాన్ని వర్తింపజేసి "78" అని కచ్చితంగా ఒక అంకె ఇవ్వడం అంటే, నడుస్తున్న సినిమాలో ఒక ఫొటో తీసి కథ చెప్పడమే. ఐసీయూ నుంచి వచ్చిన శాంపిళ్ళకి ఈ లైను తీసేయమని ఒకసారి ల్యాబ్ వాళ్ళని అడిగాను. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదన్నారు.

సరే, మూత్రం దగ్గరికి వద్దాం.

గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా ఈ రెండు పిడికిళ్ళంత అవయవాలకే వెళ్తుంది. రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుని, లీటరున్నర బయటికి వదులుతాయి. రక్తప్రసరణలో ఎక్కడ తేడా వచ్చినా ఆ చివరి లీటరున్నరలో ఆ గంటలోనే తెలుస్తుంది. బీపీ ఇంకా బాగున్నట్టే కనబడుతుంటుంది, ఎందుకంటే ఒళ్ళు రక్తనాళాలు బిగించి నెట్టుకొస్తుంది. ఆ బిగింపుకి మూల్యం చెల్లించేవాటిలో కిడ్నీ ముందుంటుంది. 1941లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు డాక్టర్లు శిథిలాల కింద కాళ్ళూ చేతులూ నలిగిన నలుగురి గురించి రాశారు. బయటికి తీసినప్పుడు వాళ్ళు పెద్దగా ప్రమాదంలో ఉన్నట్టు లేరు. తర్వాత మూత్రం తగ్గింది, రంగు మారింది, వారం దగ్గర పడేసరికి ప్రాణం పోయింది. అప్పట్లో కృత్రిమ కిడ్నీ ఇంకా లేదు. మనిషిని చూస్తే తెలియనిది మూత్రం చూస్తే తెలిసింది.

ఇప్పుడు మన దగ్గర గంట గంటకీ కొలిచే సాధనం ఉంది. యూరోమీటర్ అంటాం, సంచికి పైన గీతలున్న చిన్న గట్టి డబ్బా. గంట కాగానే చదివి, కింద సంచిలోకి వంచేసి, డబ్బా ఖాళీ చేయాలి. అంతే. వంచడం మర్చిపోతే నిండి పొర్లి కింద కలిసిపోతుంది, ఇక ఆ గంట లెక్క పోయినట్టే. క్యాథటర్ (మూత్రాశయంలోకి పెట్టే ట్యూబు) నుంచి వచ్చే గొట్టం మంచం పక్కన ఉయ్యాలలా వంపు తిరిగి వేలాడితే మూత్రం ఆ వంపులో నిలుస్తుంది. ఈ గంటలో రావలసింది వచ్చే గంటలో వస్తుంది, డాక్టరు ఈ గంటలో కంగారుపడి వచ్చే గంటలో సంబరపడతాడు. ఇంత చిన్న విషయం మీద ఇంత రాయాలా అనిపించొచ్చు. నేను పనిచేసిన చోట్ల సగం తప్పులు ఈ చిన్న విషయంలోనే జరిగాయి.

2015లో అనేక దేశాల్లో 97 ఐసీయూల నుంచి 1,802 మంది వివరాలు తీసుకుని చేసిన పరిశోధనలో 57 శాతం మందికి కిడ్నీ దెబ్బ ఉన్నట్టు తేలింది. సగానికంటే ఎక్కువ! 2017లో వచ్చిన ఇంకో పరిశోధన నా వాదనకి దగ్గరిది. గంట గంటకీ, పెద్ద ఎడం లేకుండా మూత్రం కొలిచిన పేషెంట్లలో కిడ్నీ దెబ్బ ఎక్కువగా బయటపడింది, అలా దెబ్బ తగిలిన వాళ్ళలో బతికినవాళ్ళూ ఎక్కువగా ఉన్నారు, వాళ్ళ ఒంట్లో అనవసరంగా చేరిన నీరు కూడా తక్కువే. ఇది పాత రికార్డులు తిరగేసి చేసిన పని, చీటీలు తీసి రెండు జట్లు చేసి చేసింది కాదు. బాగా కొలిచే చోట మిగతా పనులూ బాగా చేస్తారేమో అన్న అనుమానం ఎవరికైనా రావాలి, నాకూ వచ్చింది. అయినా ఒక మాట. బాగా కొలవడం అనేది బాగా చూసుకోవడంలో భాగం కాకుండా ఎలా పోతుంది?

ఇక్కడ నా వాదనకి ఎదురు వాదన చేసేవాళ్ళు మా విభాగంలోనే ఉన్నారు, వాళ్ళు చెప్పేది తీసిపారేయలేం. మూత్రం కూడా అబద్ధమాడుతుంది. ఆపరేషన్ అయిన రోజు నొప్పికీ ఒత్తిడికీ మెదడు నుంచి నీటిని పట్టి ఉంచే హార్మోను ఎక్కువ వస్తుంది, కిడ్నీకి ఏ దెబ్బా లేకపోయినా మూత్రం తగ్గుతుంది. షుగర్ 400 ఉన్న మనిషికి నీళ్ళు లేక ఒళ్ళు ఎండిపోతున్నా మూత్రం ధారగా వస్తుంది. మూత్రం తెప్పించే మందు ఫ్యూరోసెమైడ్ పడితే సంచి నిండుతుంది, కిడ్నీ మాత్రం ఎక్కడున్నది అక్కడే. 120 కిలోల మనిషికి అసలు బరువుతో లెక్క వేస్తే గంటకు 60 రావాలి, అది రాలేదని జబ్బు ముద్ర వేస్తే అన్యాయం. మూత్రం బాగా వస్తూనే క్రియాటినిన్ ఎక్కిపోయే రకం కిడ్నీ దెబ్బ కూడా ఉంది. అందుకే క్రియాటినిన్ మానేయమని నేను అనను. రెండూ చెడినవాళ్ళ పరిస్థితి ఒక్కటే చెడినవాళ్ళ కంటే బాగా విషమంగా ఉంటుందని పెద్ద పెద్ద లెక్కలే చెబుతున్నాయి.

అసలు నన్ను ఇరుకున పెట్టే వాదన వేరే. గంట గంటకీ కొలిస్తే గంట గంటకీ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. 20 వచ్చిందని అర లీటరు సెలైన్. మళ్ళీ 20, మళ్ళీ అర లీటరు. తెల్లారేసరికి మనిషి ముఖం గుర్తు పట్టలేనంత ఉబ్బుతుంది. ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు, ఫోను మోగగానే చేయి తనంతట తనే సెలైన్ ఆర్డరు రాసేస్తుంది. కానీ కిడ్నీ గట్టి తొడుగులో బిగించి ఉన్న అవయవం. ఒంట్లో నీరు పెరిగి సిరల్లో ఒత్తిడి ఎక్కితే, లోపలికి వచ్చే రక్తానికి ఎదురు తగులుతుంది, వడపోత ఇంకా తగ్గుతుంది. మూత్రం కోసం పోసిన నీళ్ళే మూత్రాన్ని ఆపేస్తాయి.

అంకెని బాగుచేయడం, అవయవాన్ని బాగుచేయడం వేరు వేరు అని మా రంగం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. బీపీకి వాడే డోపమిన్ అనే మందు కొద్ది మోతాదులో ఏళ్ళ తరబడి ఐసీయూల్లో "కిడ్నీ డోసు" పేరుతో నడిచింది. సంచి నిండేది, అందరికీ హాయిగా ఉండేది. 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డాక్టర్లు 328 మందిని రెండు జట్లు చేసి చూస్తే కిడ్నీకి ఒరిగిందేమీ లేదని తేలింది. సెలైన్ బదులు ఎక్కించే, స్టార్చ్ కలిపిన ద్రవాలదీ అదే కథ, ఇంకా ఘోరం. 2012లో రెండు పెద్ద పరీక్షల్లో వాటివల్ల డయాలిసిస్ అవసరం పెరిగిందని బయటపడింది.

అందుకే నేను గంట గంటకీ కొలవమనేది గంట గంటకీ మందు వేయడానికి కాదు, గంట గంటకీ ప్రశ్న వేయడానికి. మూత్రం తగ్గిందనగానే ముందు చూసేది క్యాథటర్. మూసుకుపోయిందా, మెలిక పడిందా, మూత్రాశయం నిండి ఉందా. తర్వాత సగటు బీపీ, 65 ఉందా, ఈ మనిషికి మామూలుగా బీపీ ఎక్కువ ఉండేదా, అలాగైతే ఆ 65 సరిపోతుందా. తర్వాత కడుపు. ఆపరేషన్ అయిన కడుపు బిగుసుకుపోతే కిడ్నీ నలుగుతుంది. ఆ ఒత్తిడిని అదే క్యాథటర్ ద్వారా కొలవొచ్చు, 12 దాటితే ఎక్కువని, 20 దాటి ఏదైనా అవయవం మొరాయిస్తే అత్యవసరమని లెక్క. తర్వాత మందుల చీటీ: ఏ నొప్పిమాత్ర, ఏ యాంటీబయాటిక్, ఏ స్కాన్ రంగుమందు పడింది. గుండె ఎలా ఉంది, నీళ్ళు నిజంగా కావాలా, అల్ట్రాసౌండ్‌తో ఒకసారి చూడటం. సెలైన్ ఆలోచన ఇవన్నీ అయ్యాక. మూత్రం రంగు కూడా చూస్తాను. కోలా రంగులో ఉంటే కండరం చితికిందేమోనని ఆలోచిస్తాను. వీలైతే ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టిస్తాను, కిడ్నీ గొట్టాల్లో పోతపోసినట్టుండే బురద రంగు ముక్కలు కనబడితే ఆ గొట్టాలు దెబ్బతిన్నాయని తెలుస్తుంది. ఈ పాత విద్య కొత్త డాక్టర్లలో చాలామందికి రాదు, అది నాకు కాస్త బాధే.

ఫ్యూరోసెమైడ్‌ని నేను మందుగా కంటే పరీక్షగా ఎక్కువ ఇష్టపడతాను. ఒంట్లో నీటికి కొరత లేదని తేల్చుకున్నాక, అంతకుముందు ఆ మందు వాడనివాళ్ళకి కిలోకి ఒక మి.గ్రా., వాడినవాళ్ళకి ఒకటిన్నర ఇచ్చి రెండు గంటలు చూడాలి. 200 మి.లీ. కూడా రాకపోతే ఆ కిడ్నీ ఇంకా కిందికి జారే అవకాశం ఎక్కువ. 2013లో వచ్చిన పద్ధతి ఇది, మొదట చూసింది 77 మందిలోనే అయినా మంచం పక్కన నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. ఇందులో కొత్త యంత్రం ఏదీ లేదు. కావలసింది రెండు గంటలపాటు నిజాయితీగా కొలిచే ఒక మనిషి.

కొత్త యంత్రాల సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్తాను. ఎన్‌జీఏఎల్ అనే ప్రొటీన్ గుండె ఆపరేషన్ అయిన పిల్లల మూత్రంలో రెండు గంటలకే పెరుగుతుందని 2005లో తెలిసినప్పుడు క్రియాటినిన్ పని అయిపోయిందనుకున్నాం. తర్వాత కిడ్నీ కణాలు ఒత్తిడిలో ఉన్నప్పుడు వదిలే రెండు ప్రొటీన్లని కలిపి చూసే పరీక్ష వచ్చింది, 2014లో అమెరికాలో దానికి అనుమతి కూడా దొరికింది. మంచివే. కానీ ఎన్‌జీఏఎల్ ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే కూడా పెరుగుతుంది, ఐసీయూలో ఇన్‌ఫెక్షన్ లేనివాళ్ళని వెతకాలి. ఉచితంగా వచ్చే వార్తని చదవకుండా భాగహారం చేసే యూనిట్‌లో ఈ కిట్లు కొని ఏం లాభమన్నది నా గొడవ.

కిడ్నీని గమనించడం అంటే అది తగ్గిపోవడాన్ని పట్టుకోవడమే అనుకుంటాం. ఎక్కువ పనిచేసే కిడ్నీని ఎవరూ పట్టించుకోరు. బండి ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి వచ్చిన కుర్రాడు, పాతికేళ్ళు. క్రియాటినిన్ 0.6, జీఎఫ్ఆర్ 90 పైన అని ల్యాబ్ ఊరుకుంది. అందరికీ సంతోషం. న్యుమోనియా పట్టింది, పుస్తకం ప్రకారం యాంటీబయాటిక్ పూర్తి డోసు పడుతోంది, జ్వరం దిగదు. ఐదో రోజు ఎనిమిది గంటల మూత్రం పట్టించాను. 1,440 మి.లీ. వచ్చింది, నిమిషానికి 3. అందులో క్రియాటినిన్ 40. నలభైని మూడుతో హెచ్చించి 0.6తో భాగిస్తే నిమిషానికి 200! మామూలు మనిషికి 120 దగ్గర ఉంటుంది. మనం పోసిన మందుని ఆ కిడ్నీ పోసినంత వేగంగానూ బయటికి తోసేస్తోంది. డోసు పెంచి, ఒక్కొక్క డోసునీ గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాం. రెండు రోజుల్లో జ్వరం దిగింది. డోసు వల్లే దిగిందని ప్రమాణం చేయలేను గానీ, 130 దాటిన కిడ్నీలు దెబ్బలు తగిలిన కుర్రాళ్ళలో అరుదేమీ కాదు. ఎనిమిది గంటల మూత్రం పట్టిన సీసా తప్ప దీన్ని పట్టించే సులువైన దారి నాకు కనబడలేదు.

డయాలిసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇళ్ళవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న. "లేటు చేస్తున్నారేమో" అన్న భయం వాళ్ళ కళ్ళల్లో ఉంటుంది, ఒకప్పుడు నాకూ ఉండేది. పొటాషియం ఆగనంత పెరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, రక్తంలో ఆమ్లం మందులకి లొంగకపోయినా ఆలోచించే పని లేదు. అవేవీ లేనప్పుడే తంటా. 2016లో ఫ్రాన్స్‌లో చేసిన పెద్ద పరీక్షలో ఆగి చూసిన జట్టులో దాదాపు సగం మందికి డయాలిసిస్ అవసరమే పడలేదు. 2020లో మూడు వేల మందితో అనేక దేశాల్లో చేసినదాంట్లో ముందే మొదలుపెట్టినందువల్ల 90 రోజుల నాటికి అదనంగా ఎవరూ బతకలేదు. అంటే ఆగొచ్చు. కానీ ఆగడం అంటే వదిలేయడం కాదు, ఆగాలంటే రెట్టింపు కనిపెట్టుకుని ఉండాలి. గంట గంటకీ మూత్రం, ఆరేసి గంటలకి పొటాషియం. కొలవడం చేతకాని చోట ఆగి చూసే హక్కు కూడా లేదంటాను నేను. ఈ మాటకి మావాళ్ళలో కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

నా పేషెంటుకి పన్నెండు రోజులు డయాలిసిస్ నడిచింది. ఆపొచ్చని మాకు ముందు చెప్పింది కూడా ఆ సంచే. మందు లేకుండా రోజుకు 400 మి.లీ. దాటి తనంతట తను వచ్చిన రోజు మిషను పక్కకి జరిపాం. ఆయన నెలకి పైగా ఉండి, పద్నాలుగు కిలోలు తగ్గి, నడవలేక చక్రాల కుర్చీలో ఇంటికెళ్ళాడు. డిశ్చార్జి కాగితంలో క్రియాటినిన్ 0.9, "కిడ్నీ పనితీరు నార్మల్" అని రాసి ఉంది. అది రాసిందీ నేనే. కండంతా కరిగిపోయిన మనిషికి 0.9 నార్మల్ కాదని అప్పటికి నా బుర్రకి తట్టలేదు. మూడు నెలలకి నడిచి వచ్చాడు, కాస్త కండ పట్టింది, క్రియాటినిన్ 1.5. కొత్తగా పాడైందనుకుని ఆ కుటుంబం మళ్ళీ కంగారు పడింది. కొత్తగా పాడవలేదు, మిగిలిన నష్టం ఇప్పుడు కనబడిందంతే. ఇప్పుడు నేను ఐసీయూలో కిడ్నీ దెబ్బ తిన్న ప్రతి ఒక్కరి కాగితం మీదా మూడు నెలలకి రక్తం, మూత్రం రెండూ చూపించుకోమని పెద్ద అక్షరాలతో రాస్తాను. క్రియాటినిన్ పక్కన "కండ తగ్గింది, ఈ అంకెని నమ్మకండి" అని కూడా.

యూనిట్‌లో ఒక మార్పు తెచ్చాం. మూత్రం కాలమ్‌లో గంట తప్పితే అంకె రాయొద్దు, గీత పెట్టండి అని సిస్టర్లకి చెప్పాం. గీత పెట్టినందుకు ఎవరూ ఏమీ అనరని, అడిగేది ఉంటే డాక్టర్నే అడుగుతారని మాటిచ్చాం. మొదటి నెల చార్టులనిండా గీతలే. చూడ్డానికి సిగ్గుగా ఉండేది, కానీ నిజం. ఆ గీతలు చూపించే పై వాళ్ళని అడిగి రాత్రి పూట ఇంకో మనిషిని వేయించుకున్నాం. సెన్సరుతో తనంతట తను కొలిచే మీటర్లు కూడా వచ్చాయి, అడుగుతున్నాం, ఇంకా ఇవ్వలేదు. మరోవైపు, నిలకడ పడ్డ పేషెంటుకి క్యాథటర్ ఉంచేయడం కూడా తప్పే, ఒక్కో రోజు గడిచేకొద్దీ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. గంట లెక్క అక్కర్లేదనిపించిన పొద్దున్నే తీసేయిస్తాను.

పోయిన వారం రాత్రి రెండున్నరకి ఫోను. కొత్తగా చేరిన సిస్టర్, గొంతులో భయం.

"సార్, ఒంటిగంటకి 45 సార్. రెండింటికి 10. ఇప్పుడు చూస్తే డబ్బాలో ఏం లేదు. బీపీ బానే ఉంది. సెలైన్ పెట్టమంటారా?"

"క్యాథటర్ చూశావామ్మా?"

ఫోను పక్కన పెట్టిన చప్పుడు. దుప్పటి తీసిన చప్పుడు. పేషెంటుని పక్కకి తిప్పడానికి ఇంకెవర్నో పిలిచింది. రెండు నిమిషాలు నేను పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నాను.

"సార్, యూరిన్ ట్యూబు... తొడ కింద నలిగిపోయి ఉంది సార్. ఇందాక పొజిషన్ మార్చినప్పుడు పడినట్టుంది. తీశాను. వస్తోంది సార్. 60... 85... ఇంకా వస్తోంది."

"ఎంతైతే అంత రాసెయ్. మూడింటి గడిలో రాయి, పక్కన ట్యూబు నలిగిందని కూడా రాయి."

"సారీ సార్, నిద్ర లేపాను."

మూడుంబావుకి మళ్ళీ నేనే ఫోన్ చేశాను. 110 అంది.